గీత దాకా పోసిన నూనె

ఆ కారు బ్రేకుల సీసాలో వేరే నూనె పోసింది నేను. ఓబులేసు కాదు.

ఈ రెండు ముక్కలు రాయడానికి నాకు ఎనిమిదేళ్ళు పట్టింది. బియ్యం మూట అయితే ఈ భుజం నొప్పి పుడితే ఆ భుజానికి మార్చుకుంటాం. ఏదో ఒక అరుగు మీద దించి నీళ్ళు తాగుతాం. దీన్ని దించే అరుగు నాకు దొరకలేదు. అందుకే నీ ముందు దించుతున్నాను. నువ్వెవరో నాకు తెలియదు. తెలియకపోవడమే మేలు. తెలిసిన మొహమైతే ఇప్పుడు కూడా నోరు మూసుకునేదాన్నే.

నేను మూడో తరగతి దాకా చదివాను. పొట్లాల మీద పేర్లు రాయడానికి పనికొచ్చే అక్షరాలు నావి. తప్పులుంటే దిద్దుకో.

మాది ఆళ్ళగడ్డలో అంగడి సంసారం. మా ఆయన పోయేనాటికి కొడుకు రమణ తొమ్మిదో తరగతి. అప్పటినుంచి అంగడి నడిపింది నేనే. పారేయడం అనే మాట మా ఇంట్లో లేదు. సంచీ విప్పిన దారం ఉండ చుట్టి పెట్టేదాన్ని. అరిగిపోయిన సబ్బు ముక్కలన్నీ తడిపి ఒక ముద్ద చేసేదాన్ని. వక్క కొరికి సగం పారేసిన మనిషిని చూస్తే నాకు ఒళ్ళు మండేది. వీధిలో అందరూ నాకు భయపడేవాళ్ళు. అది గౌరవం అనుకునేదాన్ని. ఇప్పుడూ కొంచెం అలాగే అనుకుంటాను. అదే ఈ కథలో చెడ్డ సంగతి.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో రమణ ఒక పాత కారు కొన్నాడు. బాడుగకు తిప్పడానికి. నంద్యాల ఆసుపత్రికి పోయేవాళ్ళు, అహోబిలం వచ్చేవాళ్ళు, మహానంది పోయేవాళ్ళు, ఎప్పుడూ ఎవరో ఒకరు ఉండేవాళ్ళు. పెట్రోలు గిట్టుబాటు కాదని నంద్యాలలో మస్తాన్ అనే మెకానిక్ దగ్గర గ్యాసు కిట్టు పెట్టించాడు. వెనక డిక్కీలో గ్యాసు బండ, ముందు పెట్రోలు. స్టీరింగు పక్కన చిన్న మీట. ఇటు నొక్కితే పెట్రోలు, అటు నొక్కితే గ్యాసు. నేను దాన్ని రెండు తిండ్ల బండి అనేదాన్ని.

దాన్ని తోలేవాడు ఓబులేసు. అహోబిలం దాటి నల్లమలలో వాళ్ళ గూడెం. చెంచువాళ్ళు. వాళ్ళ నాయన మా అంగడికి తేనె, కుంకుడుకాయలు తెచ్చి ఇచ్చి, ఉప్పూ బెల్లమూ తీసుకుపోయేవాడు. ఓబులేసు లారీల మీద క్లీనరుగా తిరిగి తోలడం నేర్చుకున్నాడు. లైసెన్సు తెచ్చుకున్నాడు. వాళ్ళ గూడెంలో స్టీరింగు పట్టిన మొదటి మనిషి అతనే. ముప్పై ఏళ్ళుంటాయి అప్పటికి. పెళ్ళాం, ఇద్దరు ఆడపిల్లలు. మాట తక్కువ.

అతనికి ఒక అలవాటు ఉండేది. ఎక్కడికి పోయి వచ్చినా, కారు ఆపగానే దిగి నాలుగు చక్రాల దగ్గరా వంగి, మధ్యలో అరచెయ్యి ఆనించి చూసేవాడు. ఎద్దుకు జ్వరమొచ్చిందేమోనని ముట్టె తాకి చూసినట్టు. కార్ల స్టాండులో మిగతా డ్రైవర్లు ఎగతాళి చేసేవాళ్ళు. అతను నవ్వేవాడు. చెయ్యి మాత్రం మానలేదు.

ఆ ఏడు దసరాకు రెండు రోజుల ముందు గూడేనికి పోతూ అంగడి మెట్ల దగ్గర నిలబడి నాతో చెప్పాడు. బ్రేక్ ఆయిల్ సీసాలో గీతకు కిందికి దిగింది, బ్రేకు కట్టెలు అరిగే కొద్దీ అది దిగుతుంది, కొత్త డబ్బా తెప్పించి పెడితే వచ్చి పోస్తాను అన్నాడు. నేను సరుకు తూస్తున్నాను. వచ్చే నెల చూద్దాంలే అన్నాను. తల ఊపి పోయాడు. ఈ మాట గుర్తుపెట్టుకో. అతను నాకు చెప్పాడు. నేను విన్నాను.

ఆయుధపూజ రోజు మా ఇంట్లో ఒక పద్ధతి ఉంది. మా అత్త నుంచి నాకు వచ్చింది. ఇంట్లో ఉన్న ఇనుము ప్రతి ఒక్కటీ ఆ రోజు నూనె తాగాలి. తక్కెడ, కత్తెర, కత్తిపీట, తలుపు బందులు, బావి గిలక, కుట్టుమిషను. కడిగి, తుడిచి, నూనె వేసి, తర్వాత పసుపు కుంకుమ. ఆ రోజు నూనె తగలని ఇనుము ఏడాదంతా ఏడుస్తుందని మా అత్త అనేది. వాడేది ఒకే నూనె, కుట్టుమిషను నూనె. పెద్ద సీసాతో తెచ్చి పెట్టుకునేదాన్ని.

కారు కడిగి, ముందు మూత పైకెత్తి నిలబెట్టి, నిమ్మకాయలు తేవడానికి రమణ బజారుకు పోయాడు. కోడలు వంటింట్లో ఉంది. నేను సీసా పట్టుకుని కారు దగ్గరికి పోయాను. మూత బందులకు రెండు చుక్కలు వేశాను. అప్పుడు కనబడింది, తెల్లటి చిన్న సీసా. దాని మీద గీత. లోపల నూనె గీతకు రెండు వేళ్ళ కిందుంది.

మూత తిప్పాను. వేలు ముంచి బొటనవేలితో రుద్ది చూశాను. జారింది. నూనెలాగే జారింది. చేతిలో ఉన్నదీ నూనె. సీసాలో ఉన్నదీ నూనె. గీత దాకా పోశాను. మూత బిగించి దాని మీద కుంకుమ బొట్టు కూడా పెట్టాను.

ఎంత సంతోషపడ్డానో చెప్పనా? ఒక డబ్బా ఖర్చు తప్పింది. డ్రైవరు వచ్చి చూసుకుని, అవ్వ పోసిందే అని ఆశ్చర్యపోతాడని కూడా అనుకున్నాను. తర్వాత వడలు వేయించే హడావిడిలో ఆ సంగతి మరిచిపోయాను. నిజంగానే మరిచిపోయాను. ఇక్కడి దాకా నాది తప్పు కాదు, తెలియనితనం. ఇక్కడే ఆగి ఉంటే ఈ కాగితం అవసరం ఉండేది కాదు.

నాలుగో రోజు ఓబులేసు వచ్చాడు. సీసా వైపు చూశాడు. నిండుగా ఉంది. రమణ పోయించి ఉంటాడనుకున్నాడట. అడగలేదు. అడిగి ఉంటే? అడిగి ఉంటే నేనే గొప్పగా చెప్పేదాన్ని కదా. అతను అడగకపోవడానికి కారణం ఏమిటి? మా ఇంట్లో ప్రతి ప్రశ్నకూ నా దగ్గర ఒక కసురు సిద్ధంగా ఉంటుందని అతనికి తెలుసు.

వారం తిరగకుండా కారు మొండికేయడం మొదలుపెట్టింది. తొక్కితే అరుపు వస్తుంది, కదలిక రాదు. ఎద్దులు లేచినా బండి లేవనట్టు. గ్యాసు కిట్టు పెడితే పికప్ తగ్గుతుందని అందరూ అనేమాటే కాబట్టి రమణ కూడా గ్యాసునే తిట్టాడు. ఓబులేసు మీట ఇటు నొక్కి పెట్రోలు మీద తోలి చూశాడు. అదే వరస. తిండి మార్చినా నడక మారలేదంటే జబ్బు కడుపులో లేదు, కాళ్ళలో ఉంది. ఆ మాట అతనే అన్నాడు. చక్రాలు ముట్టుకుంటే చెయ్యి కాలుతోందని కూడా చెప్పాడు. ఎవరు విన్నారు? పొద్దున తీసినప్పుడు బాగానే ఉండేది. నాలుగు సార్లు బ్రేకు తొక్కాక పట్టుకునేది. గంట సేపు నిలబెడితే మళ్ళీ వదిలేది. అందుకే రమణ చూసినప్పుడల్లా బాగానే కనబడేది.

స్టాండులో ఒకడు మా అంగడికి బీడీలకు వచ్చి, నాకు వినబడేలా అన్నాడు. “ఓబులేసు కారెక్కిన పెండ్లికూతురు మహానందిలో దిగేతప్పటికి బిడ్డతల్లి అయితాదంట!” అందరూ నవ్వారు. నాకు తల కొట్టేసినట్టయింది. ఆ సాయంత్రం ఓబులేసును పిలిచి, బ్రేకు మీద కాలు పెట్టుకుని తోలుతున్నావేమో చూసుకో అన్నాను. మరునాటినుంచి చెప్పులు విడిచి, వట్టి కాళ్ళతో తోలాడు. ఏ కాలు ఎక్కడుందో అందరికీ కనబడాలని.

చివరికి మస్తాన్‌కు చూపిద్దామని రమణ బయలుదేరాడు. నేనూ ఎక్కాను. మెకానిక్ నా కొడుకును మోసం చేయకుండా నేనుండాలి, అదీ నా లెక్క.

సిరివెళ్ళ దాటాక, చదునైన రోడ్డు మీద, ఓబులేసు గేరు తీసి న్యూట్రల్ చేశాడు. కారు దొర్లుకుంటూ పోవాలి కదా. పోలేదు. నాలుగు బారలు పోయి, ఎవరో వెనకనుంచి కొంగు పట్టుకుని లాగినట్టు నిలబడిపోయింది. అతను బ్రేకు తొక్కలేదు. పాదం పక్కన పెట్టి నాకు చూపించాడు. దిగితే మాడు వాసన. ముందు చక్రం మీద నీళ్ళు చిలకరిస్తే చుయ్యిమన్నాయి. దోసె పెనం మీద చిలకరించినట్టే.

కాసేపు చల్లారనిచ్చి, అక్కడక్కడా ఆపుకుంటూ, ఎలాగో నంద్యాల చేరాం.

మస్తాన్ నవ్వుతూనే ఎదురొచ్చాడు. యాభై దాటిన మనిషి. చెవి మీద ఎప్పుడూ ఒక పెన్సిలు. కారుకు అజీర్తి చేసిందా అని పరాచికమాడాడు. గ్యాసు పైపులు చూశాడు, ప్లగ్గులు విప్పి చూశాడు, గాలి జల్లెడ దులిపాడు. అంతా బాగుంది. అప్పుడు ఓబులేసు చక్రాల సంగతి చెప్పాడు. మస్తాన్ నవ్వు ఆపి అతని మాట పూర్తిగా విన్నాడు. ఆ కారు గురించి ఓబులేసు మాట పూర్తిగా విన్నది ఆయన ఒక్కడే.

జాకీ పెట్టి ముందు చక్రం లేపారు. మస్తాన్ రెండు చేతులతో తిప్పబోయాడు. తిరగలేదు. చక్రం వెనక ఒక చిన్న నట్టుకు పానా వేసి అర తిప్పు తిప్పాడు. లోపలినుంచి నూనె చిమ్మింది. మళ్ళీ చెయ్యి వేశాడు. చక్రం గిర్రున తిరిగింది.

కాలు తీసినా లోపల ఒత్తిడి వెనక్కి పోవడం లేదు, పోయే బెజ్జం ఏదో మూసుకుంది, అన్నాడు. నాకు ఆ మాట అర్థమైంది. నూనె కుప్పె మూతికి మడ్డి అడ్డం పడితే ఎట్లా ఉంటుందో నాకు తెలుసు. ఇంకా నాకు అనుమానం రాలేదు. ఒట్టు, అప్పటిదాకా రాలేదు.

ఆయన ఆ తెల్లటి సీసా మూత తిప్పాడు. కుంకుమ బొట్టు ఇంకా మూత మీద ఉంది. మూతలోపలి రబ్బరు బిళ్ళ ఊడి కిందపడింది. రాత్రంతా నానేసిన శనగగింజలాగా ఉబ్బి ఉంది. మళ్ళీ మూతలో పెట్టబోతే పట్టలేదు. సీసాలో ఉన్నదాన్ని పీల్చి ఒక గాజు టీ గ్లాసులోకి వదిలాడు. అందరం చుట్టూ నిలబడి చూస్తున్నాం. కాసేపటికి అది రెండుగా విడిపోయింది. కింద పచ్చగా ఒకటి. పైన నీళ్ళలాగా తేటగా ఒకటి. ఆయన దాన్ని ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. తర్వాత మా ముందుకు చాచాడు.

ఆ వాసన నాకు తెలుసు. మా అత్త చీర కుచ్చిళ్ళ వాసన కంటే బాగా తెలుసు. నా గోళ్ళలో ముప్పై ఏళ్ళుగా ఉన్న వాసన అది.

తర్వాత నడిచిన మాటలు ఒక్కటీ మరువలేదు. ఉన్నదున్నట్టు రాస్తాను.

“ఎవురప్పా ఇది పోసింది?” అన్నాడు మస్తాన్. “బ్రేకాయిల్లో వేరే నూనె పడితే రబ్బర్లన్నీ ఉబ్బి పట్టేస్తాయి. నాలుగు చక్రాల్లో, పైన పంపులో, ఒక్క రబ్బరు మిగల్లే. ఘాట్లో పట్టేసింటే? కారు నిండా జనముంటారే!”

రమణ ఓబులేసు వైపు తిరిగాడు. “ఏంరా?”

“నేను గాదన్నా. నాకు తెల్దు. నేనొచ్చేతప్పటికే నిండుగుండాది. నువ్వు పోయించినావనుకుంటి.”

“నేను పోయించలే. ఆ మూత నువ్వు తప్ప ముట్టుకునేదెవురు? యాడిదో నూనె దొరికింటాది, పోసింటావ్. పోసినా అని చెప్పేకి నోరు రాదా?”

“అట్లా ఎట్లా పోస్తానన్నా? లారీల మీద పన్నెండేండ్లు చేసినా. ఏ నూనె యాడ పొయ్యాల్నో నాకు తెల్దా?” గొంతు పెంచలేదు. అతను నా వైపు తిరిగాడు. “అవ్వా, నువ్వు చెప్పు. నేను ఊరికి పోయే ముందు నీతో చెప్పి పోతి గదా. గీతకు దిగింది, కొత్త డబ్బా తెప్పియ్యాల అని. చెప్పితినా లేదా?”

షెడ్డులో ఎవరో రేకు మీద కొడుతున్న చప్పుడు. అది కూడా ఆగింది.

నేను అన్నాను. “నాకేం తెల్సు మీ కారు సంగతి? నాతో ఎవురూ ఏం చెప్పలే.”

అంతే. నేను ఆ మనిషికి చేసింది ఆ రెండు ముక్కలు.

ఓబులేసు నన్ను చూశాడు. కోపంగా చూడలేదు. చీకటి గదిలో పెట్టిన వస్తువు పెట్టిన చోట లేకపోతే చేత్తో తడుముతాం చూడు, అట్లా నా మొహంలో ఏదో తడిమాడు.

“నిజం చెప్పవ్వా,” అన్నాడు మెల్లగా.

అప్పుడు రమణ అన్నాడు. “మా అమ్మను అబద్ధాలకోరంటాండావా? అడివిలోంచి తెచ్చి స్టీరింగు చేతికిస్తే ఇట్లే ఉంటాది.”

ఆ మాట నా కొడుకుది. కానీ దానికి తల ఊపింది నేను. ఊపాను. నా మెడకు గుర్తుంది.

ఓబులేసు జేబులోంచి తాళం తీసి కారు మూత మీద పెట్టాడు. పోబోతూ వంగాడు. అలవాటుగా అతని చెయ్యి ముందు చక్రం మధ్యకు పోయింది. తాకకముందే వెనక్కి తీసుకున్నాడు. బస్టాండు వైపు నడిచిపోయాడు. కాళ్ళకు చెప్పులు లేవు. అవి కారులోనే సీటు కింద ఉన్నాయి. నేను చూస్తూనే ఉన్నాను. పిలవలేదు.

ఎందుకు చెప్పలేదు? ఎనిమిదేళ్ళుగా నన్ను నేను అడుగుతున్న ప్రశ్న ఇదే. ఖర్చుకు భయపడ్డానా? ఖర్చు ఎటూ మాదే. కొడుకు కొడతాడా? తిట్టే ధైర్యం కూడా వాడికి లేదు. చాలాకాలం నాకు నేనే చెప్పుకున్నాను, ఆ క్షణంలో తోచలేదని. అది అబద్ధం. తోచింది. బాగా తోచింది. నా కళ్ళ ముందు కనబడింది నా కోడలు.

ఆ దసరాకు వారం ముందు, తడి గరిటె పెట్టి ఆవకాయ జాడీ బూజు పట్టించిందని కోడల్ని చుట్టాలందరి ముందూ నిలబెట్టి అరగంట తిట్టాను. ఒక్క చుక్క నీళ్ళతో జాడీడు ఊరగాయ నాశనం చేసిన తెలివిలేనిదానివని అన్నాను. ఆమె కళ్ళనీళ్ళు పెట్టుకుని జాడీ కడిగింది. ఇప్పుడు నేను ఇంటికి పోయి, గుక్కెడు నూనెతో కారంతా నాశనం చేశానని చెప్పాలి. ఆమె నవ్వుతుంది. పైకి నవ్వకపోయినా వంటింట్లో నవ్వుకుంటుంది. ఆ నవ్వు నేను ఓర్చలేను. దానికంటే ఒక మనిషి అన్నం పోవడం సులువుగా అనిపించింది. అవును, అంత చిన్న కారణం. పెద్ద కారణం ఉంటే బాగుండేదని ఎన్నిసార్లు అనుకున్నానో.

ఇంకో మాట కూడా చెప్పాలి. అతని చోట మా వీధి పిల్లవాడెవడైనా ఉంటే అంత సులువుగా తల ఊపేదాన్నా? వాళ్ళమ్మ మరునాడు అంగడి ముందుకొచ్చి జుట్టు పట్టుకునేది. ఓబులేసు తరఫున ఎవరూ రారని నాకు తెలుసు. తెలిసే ఊపాను.

మూడో రోజు కారు తెచ్చుకోవడానికి రమణతో నేను కూడా పోయాను. రబ్బర్లన్నీ మార్చి, పైపులు కడిగి, కొత్త నూనె పోశాడు మస్తాన్. షెడ్డుల్లో ఒక మర్యాద ఉంటుంది, మార్చిన పాత సామాను యజమానికి ఇచ్చేస్తారు, మార్చామని నమ్మకానికి. మస్తాన్ ఆ ఉబ్బిన రబ్బర్లన్నీ పేపరులో చుట్టి, కారు దగ్గరున్న రమణకు ఇవ్వకుండా నా దగ్గరికి తెచ్చాడు.

“ఇవి నీ దగ్గరే పెట్టుకోమ్మా,” అన్నాడు. వెనక్కి తిరగబోతూ, “మిషన్ నూనె మంచిదేనమ్మా. మిషన్‌కి,” అన్నాడు.

ఆయనకు తెలుసు. మొదటి రోజే తెలుసుకుని ఉంటాడు. పెద్దమనిషి పరువు కదా అని ఊరుకున్నాడా? నేనే చెబుతానని ఎదురుచూశాడా? ఆ రోజు కూడా చెప్పొచ్చు. రమణ పది అడుగుల దూరంలో ఉన్నాడు. నేను పొట్లం తీసుకుని సంచీలో వేసుకున్నాను. ఎంతైందని బేరం ఆడలేదు. నా జీవితంలో బేరమాడకుండా వచ్చింది ఆ ఒక్క చోటినుంచే. చూశావా, నా ప్రాయశ్చిత్తం కూడా ఎంత పిసినారిదో.

బ్రేకుల్లో ఏ నూనె పోయాలో తెలియని డ్రైవరని మాట పాకింది. ఆళ్ళగడ్డ స్టాండులో ఓబులేసు చేతికి ఎవరూ తాళం ఇవ్వలేదు. కోయిలకుంట్ల పోయి అడిగాడట. అక్కడికి మాట అతనికంటే ముందే పోయింది. జనాన్ని ఎక్కించుకునే బండి కదా, ఎవరిస్తారు? వాళ్ళ నాయన ఆ తర్వాత మా అంగడి మెట్లు ఎక్కలేదు. మా ఎదురుగానే తేనె దుత్త దించుకుని, అవతలి అంగడికి పోయేవాడు. ముసలాయన నా వైపు చూసేవాడు కాదు. నేను చూసేదాన్ని.

ప్రతి రోజూ ఒక మాట అనుకునేదాన్ని. రేపు రమణకు చెబుతాను. రేపు స్టాండుకు పోయి నలుగురిలో చెబుతాను. పెట్టుబడి లేని పని. ఒక్క మాట. అన్నీ పొదుపు చేసినదాన్ని ఆ మాటను కూడా పొదుపు చేసుకున్నాను.

మూడేళ్ళ తర్వాత ఒకసారి అతన్ని చూశాను. కోయిలకుంట్లలో శనగల గోడౌను ముందు. నేను సరుకు చూడటానికి పోయాను. అతను మూటలు మోస్తున్నాడు. వీపు మీద మూట, తల కిందికి. నా కాళ్ళు చూసి గుర్తుపట్టాడేమో, మూట లారీలో వేసి వచ్చి నిలబడ్డాడు.

“బాగుండావా అవ్వా?” అన్నాడు. నేను తల ఊపాను. మళ్ళీ ఆ తలే. “కారు వేగం ఎత్తుకుంటాందా ఇప్పుడు?” అని అడిగాడు.

ఎత్తిపొడుపు కాదది. నిజంగానే అడిగాడు. జబ్బు మనిషి కోలుకున్నాడా అని అడిగినట్టు. ఎత్తుకుంటోందని చెప్పాను. మంచిదే అన్నాడు. పక్కన ఆగి ఉన్న లారీ ముందు చక్రం మీద చెయ్యి ఆనించుకుని నిలబడ్డాడు. మాట నోటిదాకా వచ్చింది. నూనె నేనే పోశానురా ఓబులేసూ. ఇంతే కదా అనాల్సింది. లోపలినుంచి మేస్త్రి కేకేశాడు. అతను పోయాడు. పిలుస్తే ఆగేవాడే. ఆసారి కూడా పిలవలేదు.

ఆ తర్వాత వాళ్ళ సంసారం ఎటు పోయిందో నాకు తెలియదు. ముసలాయన పోయాడని విన్నాను. కారు కూడా అమ్మేశాం.

మొన్న ఆయుధపూజ వచ్చింది. నూనె సీసా తీసి అన్నిటికీ వేస్తున్నాను. మిషను దగ్గరికి వచ్చేసరికి సీసా వంచకుండా నిలబడిపోయాను. కోడలు వచ్చి సీసా అందుకుని, నేను వేస్తాలే అత్తా, నువ్వు కూర్చో, అంది. వయసనుకుంది. నేను మిషను సొరుగు లాగి, అడుగున ఉన్న పేపరు పొట్లం విప్పి ఆమె ముందు పెట్టాను. పారేసే అలవాటు లేనిదాన్ని కదా, అన్నీ ఉన్నాయి. ఆ మూత బిళ్ళ కూడా. ఎనిమిదేళ్ళకు అది ఎండి పగిలింది. నిలబడే అంతా చెప్పాను.

కోడలు నవ్వలేదు.

ఏ నవ్వుకు భయపడి ఇదంతా చేశానో, ఆ నవ్వు రాలేదు. వస్తుందేమోనని ఆమె మొహం చాలాసేపు చూశాను. ఆమె ఆ బిళ్ళను చేతిలో అటూ ఇటూ తిప్పి ఒకటే అడిగింది.

“ఓబులేసుకు చెప్తివా?”

లేదన్నాను.

ఆమె బిళ్ళను మళ్ళీ పేపరులో చుట్టి నా చేతిలోనే పెట్టి, మిషనుకు నూనె వేయడానికి కూర్చుంది. ఓదార్చలేదు. తిట్టలేదు. ఎవరికి చెప్పాలో వాళ్ళకు చెప్పకుండా తనకు చెప్పి ఏం లాభమని ఆమె అనకుండానే నాకు తెలిసింది.

ఆ రాత్రే రమణకు చెప్పాను. వాడు తల వంచుకుని, అహోబిలం వైపు పోయేవాళ్ళను అడుగుతాలే అన్నాడు. అడుగుతున్నాడు. ఇంకా జాడ తెలియలేదు. దొరికితే నేనే పోతాను. పోయి, నలుగురున్న చోట చెబుతాను. అతను ఏమంటాడో తెలియదు. ఏమన్నా అనే హక్కు అతనిది. పన్నెండేళ్ళ పనితనం, ముప్పై ఏళ్ళ వయసు, స్టాండులో నిలబడే చోటు, ఇవి నేను తిరిగి ఇవ్వగలిగినవి కావు. అతను క్షమించాడని వినాలని నాకు ఆశ లేదు. ఉందేమో. ఉన్నా రాయను.

దొరకడేమో. నాకు ఆయుష్షు చాలదేమో. అందుకని ముందుగా ఇక్కడ రాసి పెడుతున్నాను. ఏ స్టాండులోనైనా, ఏ షెడ్డులోనైనా ఆ మాట ఇంకా ఎవరి నోట్లోనైనా ఉంటే, నువ్వు వింటే, ఇది చెప్పు. ఓబులేసుకు ఏ నూనె ఎక్కడ పోయాలో తెలుసు. కారు ఎక్కడ పట్టిందో అందరికంటే ముందు చేత్తో ముట్టుకుని కనిపెట్టింది అతనే. పోయే ముందు నాకు చెప్పే పోయాడు. నేను విన్నాను.

ఇంత పెద్ద కాగితం నేను ఎప్పుడూ రాయలేదు. వేళ్ళు పట్టేశాయి. ఒక్కొక్కటీ విడదీసుకుంటున్నాను.